కుక్కకైనా పిల్లికైనా ఫంగస్ క్రీమ్ రాసేముందు ఆ ట్యూబ్ వెనక్కి తిప్పి చదవండి

మా ఇంట్లో బూందీ అని ఒక పిల్లి, బ్రూనో అని ఒక లాబ్రడార్ ఉన్నాయండి, ఉండేది వైజాగ్ ఎంవీపీ కాలనీలో, సముద్రం దగ్గరే, అంటే వానాకాలం వస్తే బీరువాలో చెప్పులకి కూడా బూజు పట్టే ఏరియా. రెండేళ్ల క్రితం ఆగస్టులో బూందీకి చెవి వెనకాల రూపాయి బిళ్ళంత మేర బొచ్చు ఊడిపోయి బూడిదరంగు పొట్టు లేచింది, చూడగానే తామర అనుకున్నా. సరే అని మెడికల్ షాపుకెళ్లి ఫంగస్ క్రీమ్ ఇవ్వండి అన్నాను, పిల్లికని చెప్పలేదు, చెప్తే నవ్వుతారేమో అని. కౌంటర్లో ఉన్నాయన ఒక ట్యూబ్ తీసి "ఇది అన్నిటికీ పనిచేస్తుందమ్మా" అన్నాడు. నిజమే, అందులో అన్నీ ఉన్నాయి, ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితో పాటు క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది, నేను చాలా మురిసిపోయా. పదో రోజుకి రెండో చెవి మీద, ముక్కు పక్కన, ఆ తర్వాత నా మోచేతి మీద కూడా ఎర్రటి రింగు.

అప్పుడు పరిగెత్తాను పశువుల డాక్టర్ గారి దగ్గరికి. ఆవిడ తిట్టలేదు గానీ ట్యూబ్ చూసి పక్కన పెట్టేశారు. స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే దురదని, ఎరుపుని అణిచేస్తుంది, అదే సమయంలో చర్మం తన్ను తాను కాపాడుకునే శక్తిని కూడా తగ్గించేస్తుంది, అందుకే పైకి తగ్గినట్టు కనిపిస్తూ ఫంగస్ హాయిగా పాకుతూ ఉంటుంది. ఇంకోటి కూడా చెప్పారు, అది నాకు అసలు తట్టలేదు. మనం మోచేతికి రాసుకుంటే మందు మోచేతి మీదే ఉంటుంది, పిల్లికి రాస్తే అందులో సగం సాయంత్రానికి దాని పొట్టలో ఉంటుంది. అంటే పిల్లికి రాసే ప్రతి క్రీమూ తినిపించే మందే అనుకుని కొనాలి. ఇక్కడ రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు అసలు అది ఫంగసేనా కాదా తేల్చుకోండి. గుండ్రంగా ఉంటే తామరే అని మనందరికీ ఒక నమ్మకం, కానీ కుక్కల్లో గుండ్రటి మచ్చలు చాలాసార్లు బాక్టీరియా వల్ల వస్తాయి, చిన్న చీముపొక్కు పగిలి చుట్టూ పొట్టు అంచులా లేస్తుంది, అచ్చం రింగులాగే కనపడుతుంది. కుక్కపిల్లలకి మొహం మీద, ముందుకాళ్ల మీద బొచ్చు ఊడితే డెమోడెక్స్ అనే పురుగు కావచ్చు, దీనికి కూడా స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే ఇంకా పెరుగుతుంది. చెవుల అంచులు, మోచేతులు తెగ గోక్కుంటుంటే గజ్జి కావచ్చు. వీటిలో దేనికీ ఫంగస్ క్రీమ్ పనికిరాదు, ఊరికే నెల రోజులు పోతాయి. డాక్టర్ దగ్గర చేసే టెస్టులు పెద్దవేం కాదు, నాలుగు వెంట్రుకలు పీకి, కాస్త పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు, చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వేసి చూస్తారు. పిల్లుల్లో ఎక్కువగా కనిపించే మైక్రోస్పోరం కేనిస్ అయితే వెంట్రుక మొదళ్ళు లేత పచ్చగా మెరుస్తాయి, కానీ మెరవలేదు కాబట్టి ఫంగస్ లేదు అని మాత్రం కాదు, మెరవని రకాలు కూడా ఉన్నాయి. గట్టిగా తేల్చాలంటే కల్చర్, అంటే ఆ వెంట్రుకల్ని ల్యాబ్‌లో పెట్టి ఫంగస్ పెరుగుతుందేమో చూడటం, దానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆన్‌లైన్‌లో కొన్న ఊదారంగు టార్చ్ వేసి ఇంట్లో చూసేసుకోవడం నేనూ చేశా, అందులో దుమ్ము, దారాలు, ముందు రాసిన క్రీమ్ అన్నీ మెరుస్తాయి, దాన్ని నమ్మకండి.

మన వైజాగ్ కుక్కల్లో ఇంకో రకం బాగా చూస్తాం, తామర కాదు, ఈస్ట్, పేరు మలసీజియా. ఇది ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద కూడా కొద్దిగా ఉంటుంది, తడి, జిడ్డు దొరికితే రెచ్చిపోతుంది. పంజా వేళ్ల మధ్య, చంకలో, మెడ మడతల్లో, చెవుల్లో, గోధుమరంగు జిడ్డు పట్టి ముక్కిపోయిన వాసన వస్తుంది, మా బ్రూనోకి ప్రతి వానాకాలం ఇదే గోల. ఇది మనకి అంటుకునేది కాదు గానీ వెనకాల ఎలర్జీ లాంటి కారణం ఇంకోటి ఉంటుంది, అది చూడకుండా షాంపూలు పోస్తూ ఉంటే మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది.

ఇక ట్యూబ్ సంగతి. కంపెనీ పేరు కాదు, వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే కాంపొజిషన్ చదవండి, కళ్ళజోడు పెట్టుకునైనా సరే, ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకునైనా సరే. మందు ఒక్కటే ఉండాలి, మైకోనజోల్ 2% అనో క్లోట్రిమజోల్ 1% అనో. డాక్టర్లు చిన్న మచ్చలకి మామూలుగా రాసేవి ఇవే, కొద్దిగా నాకినా సాధారణంగా కాస్త చొంగ కార్చడం, ఒకటో రెండో వాంతులు అంతకంటే పెద్ద ప్రమాదం ఉండదు. ఈ పేరు పక్కన బెటామెథసోన్, బెక్లోమెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ లాంటివి కనిపిస్తే అది స్టెరాయిడ్, డాక్టర్ కావాలని రాస్తే తప్ప వద్దు. సాలిసిలిక్ యాసిడ్, బెంజోయిక్ యాసిడ్ కనిపిస్తే పిల్లికి అస్సలు వద్దు, మన తాతల కాలం నుంచి తామరకి రాసే విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్‌లో ఉండేవి ఈ రెండే, ఇలాంటి రసాయనాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కి చాలా తక్కువ, మనకి మామూలు మోతాదు దానికి విషం అవుతుంది. గజ్జి తామర లోషన్లలో చల్లగా ఉండటానికి వేసే కర్పూరం, మెంథాల్ కూడా అంతే. చిన్నపిల్లల డైపర్ రాష్ క్రీముల్లో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, మెత్తగా ఉంది కదా అని కుక్కకి రాస్తే అది నాకి నాకి మింగుతుంది, ఎక్కువ పోతే కడుపు పాడవడమే కాక రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇంటి వైద్యాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా కింది పోర్షన్ మామ్మ గారు రోజూ పాఠం చెప్పేవారు, "ఏటే, పిల్లికి అన్నేసి మందులేటి, కాస్త ఏపనూనె రాసీ, పోద్ది" అని. మామ్మ అంటే నాకు ప్రాణమే గానీ వేపనూనె పిల్లికి రాయకండి, నాకితే చొంగ, వణుకు, ఫిట్స్ వరకూ వెళ్లే ప్రమాదం ఉంది. టీ ట్రీ ఆయిల్ అంతకంటే ఘోరం, కుక్కకి కూడా, కొన్ని చుక్కలు చాలు కాళ్ళు తూలిపోవడానికి. డెట్టాల్, ఫినాయిల్ నీళ్లలో కలిపి స్నానం చేయించడం మానేయండి, పిల్లులకి ఇవి నాలుక మీద, పంజాల మీద పుళ్ళు వేయిస్తాయి, లోపలికి పోతే ఇంకా కష్టం. పసుపు వల్ల పిల్లి పసుపుగా అవుతుంది, అంతే, తామర అక్కడే ఉంటుంది. వీధి కుక్కలకి జాలితో ఇంజన్ ఆయిల్, కిరసనాయిలు పూసేవాళ్ళని చాలామందిని చూశా, మనసు మంచిదే కానీ అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే లోపల పేగుల్ని, లివర్‌ని పాడుచేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. దాని బదులు ఆ కుక్కని దగ్గర్లో ఉన్న ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు, అది కుదరకపోతే కనీసం మచ్చలు ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి.

రాసే విధానం. చేతికి గ్లవ్స్ వేసుకోండి, తామర మనుషులకి అంటుకుంటుంది, నా మోచేయి సాక్ష్యం. మచ్చ చుట్టూ పొడుగు బొచ్చు ఉంటే మొద్దు మొన ఉన్న కత్తెరతో మెల్లగా కత్తిరించండి, ట్రిమ్మర్ పెట్టి నున్నగా గొరిగితే కనిపించని గీతలు పడి ఫంగస్ పక్కకి పాకుతుంది. కత్తిరించిన బొచ్చు ఊడ్చి గాలికి వదలకుండా కవర్లో కట్టి పడేయండి. క్రీమ్ కందిపప్పు గింజంత చాలు రూపాయి బిళ్ళంత మచ్చకి, నిజంగా అంతే, తెల్లగా కనపడేట్టు దట్టంగా మెత్తితే ఎక్కువ పనిచేయదు, ఎక్కువ నాకుతుంది. మచ్చ మధ్యలో కంటే అంచుల్లో ఫంగస్ చురుగ్గా ఉంటుంది కాబట్టి మచ్చ దాటి ఒక వేలు వెడల్పు మంచి చర్మం మీద కూడా పడేలా, లోపలికి ఇంకేలా రుద్దండి. పుండు పడి రసి కారుతున్న చోట, కళ్ళ దగ్గర, నోటి దగ్గర, పాలిచ్చే తల్లి పొదుగు దగ్గర మీ అంతట మీరు రాయొద్దు.

రాశాక కనీసం 20 నుంచి 30 నిమిషాలు నాకనివ్వకూడదు, ఇదే అసలు పరీక్ష. నేను కనిపెట్టిన పద్ధతి ఏంటంటే అన్నం టైముకి సరిగ్గా ముందు రాయడం, రాసిన వెంటనే గిన్నె పెడితే నోరు అక్కడ బిజీగా ఉంటుంది, తర్వాత బ్రూనో అయితే వాకింగ్‌కి, బూందీ అయితే ఒళ్ళో. ఆ తర్వాత పైన ఇంకా జిడ్డుగా మిగిలితే టిష్యూతో అద్ది తీసేయండి. దీనికి లొంగని జంతువులకి మెడకి గరాటులాంటి కోన్ తప్పదు, మొదటి రోజు గోడలకి గుద్దుకుంటూ మన వైపు దీనంగా చూస్తాయి, జాలిపడి తీసేశారంటే ఇంతసేపు చేసిందంతా వేస్ట్. కోన్ అంచు ముక్కు దాటి ఉండాలి, పొట్టిగా ఉంటే అందులోంచి కూడా నాకేస్తాయి. పిల్లిని పట్టుకోవడానికి ఇద్దరుండాలి, ఒకరు పాత తువ్వాలులో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి చెవి ఒక్కటి బయట పెడితే ఇంకొకరు రాయాలి, ఒక్కరే చేస్తే ఏమవుతుందో నా ముంజేతి మీద చారలు చెప్తాయి. రెండు జంతువులుంటే విడివిడిగా ఉంచండి, బూందీకి రాసిన క్రీమ్ బ్రూనో నాకేశాడు ఒకసారి, ఈ కోణం నాకు తట్టనే లేదు.

ఇంకో విషయం, పిల్లులకి మచ్చ మీద ఒక్కచోట క్రీమ్ రాస్తే సరిపోవడం అరుదు, మచ్చ లేని బొచ్చులో కూడా ఫంగస్ గింజలు (స్పోర్లు) ఉంటాయి, అందుకే ఒంటికంతా షాంపూ గానీ డిప్ (మందు కలిపిన నీళ్ళతో ఒళ్ళంతా తడపడం) గానీ, చాలాసార్లు దాంతో పాటు లోపలికి ఇట్రాకొనజోల్ లాంటి మందు కూడా ఇస్తారు. ఆ మోతాదు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి, ఇంట్లో మిగిలిన మనుషుల కీటోకొనజోల్ మాత్ర సగం విరిచి వేయడం లాంటి సాహసాలు వద్దు, పిల్లి లివర్ తట్టుకోదు.

షాంపూకి వస్తే, మైకోనజోల్ 2%, క్లోర్‌హెక్సిడిన్ 2% కలిసి ఉన్న పెట్ షాంపూ మామూలుగా వారానికి రెండుసార్లు చెప్తారు. ఇందులో అందరం చేసే తప్పు ఒకటే, నురగ రాగానే కడిగేస్తాం. మందు చర్మం మీద 10 నిమిషాలు ఉండాలి, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, ఊహించి 10 నిమిషాలు అనుకుంటే అది మూడు నిమిషాలే అవుతుంది, నేను కొలిచి చూశా. కంట్లో పడితే కంటి పొర దెబ్బతినొచ్చు, మొహానికి షాంపూ పోయకుండా తడిగుడ్డతో తుడవండి, పొరపాటున పడితే వెంటనే మంచినీళ్ళతో కడుగుతూనే ఉండండి, కన్ను మూసుకునే ఉంటే డాక్టర్ దగ్గరికి. మనం వాడే చుండ్రు షాంపూలు పిల్లికి వద్దు, వాటిలో తారు, సెలీనియం సల్ఫైడ్, సాలిసిలిక్ యాసిడ్ లాంటివి ఉంటాయి. చిన్న కూనలకి గోరువెచ్చని నీళ్ళు, గబగబా ఆరబెట్టడం ముఖ్యం, అవి చలికి చప్పున డీలా పడిపోతాయి.

ఆరబెట్టడం గురించి మాత్రం మన ఊరి వాళ్ళు రెండుసార్లు చదవాలి. ఇక్కడ గాల్లోనే అంత తేమ, ఫ్యాన్ కింద పడుకోబెడితే పైబొచ్చు ఆరుతుంది గానీ లాబ్రడార్ లోపలి బొచ్చు సాయంత్రం దాకా తడిగానే ఉంటుంది, ఆ తడిలోనే ఈస్ట్‌కి పండగ. రెండు పొడి తువ్వాళ్లు, ఆ తర్వాత హెయిర్ డ్రైయర్ చల్లగాలి మీద, వేళ్ల మధ్య, చంకల్లో, తోక కింద చెయ్యి పెట్టి చూసుకోండి. ఆర్కే బీచ్‌కో రుషికొండకో తీసుకెళ్లి అలల్లో ఆడిస్తారు కదా, కొంతమంది ఉప్పునీళ్ళు తగిలితే ఫంగస్ పోతుంది అంటారు, పోదు, ఇంటికొచ్చాక మంచినీళ్ళతో ఇసక, ఉప్పు కడిగి ఆరబెట్టకపోతే చర్మం ఒరుసుకుపోయి ఇంకా ఎక్కువవుతుంది. మందు నడుస్తున్నన్నాళ్ళు బీచ్ స్నానాలు మానేశాం మేము.

చెవుల్లో చుక్కలు మాత్రం సొంతంగా వేయకండి. చెవి కంపు కొడుతోందంటే ఫంగస్ చుక్కలు వేసేద్దాం అనిపిస్తుంది, కానీ లోపల కర్ణభేరి చిరిగి ఉంటే ఆ చుక్కలు లోపలి చెవిలోకి పోయి వినికిడి పోవచ్చు, తల వాలిపోవచ్చు, క్లోర్‌హెక్సిడిన్ ఉన్నవి పిల్లులకి మరీను. డాక్టర్ లైట్ పెట్టి చూసి వేయమన్నాకే వేయాలి. అప్పుడు కూడా చెప్పినన్ని చుక్కలు వేసి చెవి మొదట్లో అర నిమిషం మెల్లగా నొక్కుతూ మర్దన చేయండి, లోపల చపచప అని శబ్దం వస్తుంది, తర్వాత మీరు పక్కకి తప్పుకోండి, తల విదిలిస్తే గోడ, చీర, ఫ్రిజ్ అన్నీ ఖరాబు. దూదితో కనిపించేంత వరకే తుడవాలి, ఇయర్ బడ్ లోపలికి పెట్టకూడదు. చుక్కలు వేశాక తూలుతున్నా, తల ఒక పక్కకి వంచి నడుస్తున్నా ఆపేసి వెంటనే ఫోన్ చేయండి.

మందు ఎన్నాళ్ళు? బొచ్చు మొలవగానే చాలామంది ఆపేస్తారు, తామరలో అది తప్పు, కంటికి తగ్గాక కూడా ఫంగస్ ఉంటుంది. మామూలుగా 6 నుంచి 8 వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, ఆపాలా వద్దా అనేది కల్చర్ చూసి డాక్టర్ చెప్తారు.

ఈలోపు ఇల్లు. ఊడిన వెంట్రుకల మీద ఈ ఫంగస్ గింజలు 18 నెలల దాకా బతికుండొచ్చు, అందుకే చీపురుతో పొడిగా ఊడవకండి, గాల్లోకి లేస్తాయి, వాక్యూమ్ గానీ తడిగుడ్డ గానీ వాడండి. మేము బూందీని వెనక గదిలో ఉంచేశాం, అందులో చాప, పరుపులు తీసేసి నాపరాయి నేల ఒక్కటే ఉంచాం, తుడవడం తేలిక అని. దుప్పట్లు విడిగా ఉతికి ఎండలో వేశాం, ఎండ ఉన్న రోజున. నేల బాగా తుడిచాక లీటరు నీళ్ళకి సుమారు 30 ఎంఎల్ బ్లీచ్ కలిపి తుడిచి, 10 నిమిషాలాగి మంచినీళ్ళతో మళ్ళీ తుడిచి, ఆరాకే పిల్లిని వదలాలి. మురికి ఉండగా బ్లీచ్ పోస్తే పనిచేయదు. బ్లీచ్‌లో యాసిడ్ గానీ బాత్రూమ్ క్లీనర్ గానీ కలపకండి, విషపు గాలి వస్తుంది, ఇక జంతువు ఒంటి మీద బ్లీచ్ అనే మాటే వద్దు. ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు ఉంటే వాళ్ళని కొన్నాళ్ళు దూరంగా ఉంచండి. మీ ఒంటి మీద రింగు వస్తే పిల్లి ట్యూబ్ మీరు రాసుకోకుండా స్కిన్ డాక్టర్‌కి చూపించండి, ఇక్కడి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో కూడా చర్మవ్యాధుల విభాగం ఉంది, ఇంట్లో పిల్లికి తామర ఉందని ముందే చెప్పండి.

ఎప్పుడు కంగారు పడాలంటే, రాసిన చోట ఇంకా ఎర్రబడి వాచితే, పుండైతే, ఆగకుండా చొంగ కారుస్తుంటే, మళ్ళీ మళ్ళీ వాంతులైతే, తూలుతుంటే, వణుకుతుంటే. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో ఒంటి మీద మందు కడిగేసి, ఇంక నాకకుండా తువ్వాలు చుట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి, అది ఇంకో విషం. ట్యూబ్, దాని అట్టపెట్టె వెంట తీసుకెళ్ళండి, ఎంత లోపలికి పోయిందో సుమారుగా చెప్పండి. పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే అలిగిందిలే అని ఊరుకోవద్దు, తిండి మానేస్తే వాటి లివర్ చాలా త్వరగా దెబ్బతింటుంది.

ఆఖరుగా అలమర సంగతి. మా ఆయన జుట్టుకి మినాక్సిడిల్ రాసుకుంటారు, అది పిల్లి తలగడ మీంచి కొంచెం నాకినా గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోవచ్చట, డాక్టర్ చెప్పాక మాకు చెమటలు పట్టాయి. సొరియాసిస్‌కి రాసే కాల్సిపోట్రయోల్, కొన్ని చర్మపు గడ్డలకి రాసే ఫ్లోరోయురాసిల్ ట్యూబులు కుక్క నమిలితే ప్రాణం మీదకే. అన్ని ట్యూబులూ ఒకే సైజు, ఒకే తెలుపు, కరెంట్ పోయినప్పుడు ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు జంతువుల మందులు ఒక పాత బిస్కెట్ డబ్బాలో, మార్కర్‌తో బూందీ, బ్రూనో అని రాసి, తెరిచిన తేదీ వేసి, మనుషులవి వేరే తాళం ఉన్న అరలో. ఆ అన్నిటికీ పనిచేసే ట్యూబ్ మాత్రం చెత్తబుట్టకి పోయింది. మాకు 9 వారాలు పట్టింది, రెండో కల్చర్ కూడా నెగటివ్ అని మెసేజ్ వచ్చిన రోజు కోన్ తీసేశాం, బూందీ తిన్నగా వెళ్లి గుమ్మం మూలకి అదే చెవి ఆనించి పావుగంట సేపు రుద్దుకుంది.